కోట్ల లెక్క, గ్రాముల లెక్క

మా ఫ్రిజ్‌లో పెరుగుకి రెండు అరలు. కింది అరలో స్టీలు గిన్నె, అందులో మా అత్తగారు రాత్రి తోడుపెట్టిన పెరుగు. పై అరలో నేను సూపర్ మార్కెట్లో కొన్న చిన్న కప్పులు, నాలుగు. గిన్నె మీద మూత తప్ప ఇంకేమీ లేదు. కప్పు మీద మాత్రం చదవడానికి బోలెడంత ఉంది: ఇన్ని కోట్ల మంచి బ్యాక్టీరియా, ప్రీబయోటిక్ ఫైబర్, కడుపుకి హాయి. ఏడాదిన్నర పాటు ఈ రెండు అరలకీ మా ఇంట్లో మాటల్లేని పోటీ నడిచింది. ఆ పోటీకి మైదానం నా కడుపు.

నాకు ఐబీఎస్, అంటే ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, మాటిమాటికీ కడుపునొప్పితో పాటు విరేచనాల తేడా తెచ్చే పేగు జబ్బు. అందులో మలబద్ధకం రకం. ఈ రెండు ముక్కలు బయటికి చెప్పడానికి నాకు ఆరేళ్ళు పట్టింది. పెళ్ళిళ్ళలో భోజనాల బల్ల దగ్గర మనవాళ్ళు షుగర్ ఎంతో, బీపీ ఎంతో అంకెలతో సహా చెప్పుకుంటారు. మోకాలి చిప్ప మార్పించుకున్న పెద్దమ్మ చీర కాస్త పైకి జరిపి కుట్లు కూడా చూపిస్తుంది. 'నాలుగు రోజులైంది, మోషన్ అవ్వలేదు' అని మాత్రం ఎవరూ అనరు. మరీ ఇబ్బందైతే 'గ్యాస్ ట్రబుల్' అంటారు. ఆ ఒక్క మాట కింద ఎన్ని జబ్బుల్ని దాచిపెట్టుకున్నామో!

నేను లెక్కల టీచర్ని. ఇదివరకు పనిచేసిన బడిలో ఇరవై మందికి పైగా ఆడవాళ్ళం, ఒక్కటే టాయిలెట్. దాని గొళ్ళెం సరిగ్గా పడేది కాదు, ఒకరు లోపలికెళ్తే ఇంకొకరు బయట కాపలా. పొద్దున్న ఏడింటికి విశాఖ ఎం.వి.పి. కాలనీలో స్కూలు బస్సెక్కితే ఇల్లు చేరేసరికి నాలుగు. ఆ తొమ్మిది గంటలూ నీళ్ళు తాగకుండా, వచ్చినదాన్ని ఆపుకుంటూ గడపడం నేర్చుకున్నాను. కొన్నాళ్ళకి నాకంటే నా కడుపే ఆ విద్యలో ఆరితేరింది. నేను తీరిగ్గా కూర్చున్న ఆదివారం నాడు కూడా అది కదిలేది కాదు. బడి మారాను, కడుపు మారలేదు.

డాక్టరు గారు ముందుగా అడిగింది నొప్పి గురించి. ఎన్నాళ్ళకోసారి వెళ్తున్నారన్నది ఆ తర్వాతి ప్రశ్న. కడుపునొప్పి వారంలో కనీసం ఒక రోజు వస్తోందా, మూడు నెలలుగా ఇలాగే ఉందా, విరేచనం అయ్యాక తగ్గుతోందా లేక పెరుగుతోందా, అసలు మొదలై ఆరు నెలలు దాటిందా. 2016లో వచ్చిన 'రోమ్ 4' అనే కొలమానం ప్రకారం ఐబీఎస్ అని తేల్చేది ఈ ప్రశ్నలతోనే. నొప్పి లేకుండా ఒట్టి మలబద్ధకమే ఉంటే దాని దారి వేరు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. కప్పు మీద రాసేవాళ్ళకి ఈ తేడాతో పనిలేదు. వాళ్ళకి కడుపులన్నీ ఒకటే.

తర్వాత ఆయన బొమ్మల కాగితం ఒకటి బల్ల మీద పెట్టి 'మీది ఏ నంబరు?' అన్నారు. ఏడు బొమ్మలు. బ్రిస్టల్‌లో ఇద్దరు వైద్యులు తయారుచేసి 1997లో ప్రచురించిన పట్టిక అది. ఒకటో నంబరు మేకపెంటికలు, ఏడో నంబరు నీళ్ళు, నాలుగు అయితే అదృష్టవంతులు. నేను ఒకటి మీద వేలు పెట్టి తల పక్కకి తిప్పుకున్నాను. ఆయన ఏమీ ఎరగనట్టు రాసుకున్నారు. అందుకు ఆయనకి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను. రక్తం పడుతోందా, బరువు తగ్గారా, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ ఉందా అని కూడా అడిగారు. హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు రాశారు. ఐరన్ మాత్రలు వేసుకుంటున్నారా అన్నారు. వేసుకుంటున్నాను. అవి కూడా బిగించేస్తాయట. ఈ సంగతి మాత్రలిచ్చినవాళ్ళు ఒక్క ముక్క చెప్పలేదు.

బయటికొచ్చాక నేను చేసిన మొదటి పని మందుల షాపుకి వెళ్ళడం కాదు, సూపర్ మార్కెట్‌కి వెళ్ళడం. మందు అంటే జబ్బు ఉన్నట్టు, పెరుగు అంటే ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్నట్టు. ఆ ఊరట కోసమే కొన్నానని ఇప్పుడు తెలుస్తోంది.

పెరుగుకి ఈ మహిమ ఎప్పుడు అంటుకుందో కొంచెం చెప్పాలి. 1908లో నోబెల్ బహుమతి పంచుకున్న ఎలీ మెచ్నికోఫ్ అనే రష్యన్ శాస్త్రవేత్త ప్యారిస్‌లో కూర్చుని, పెద్దపేగులో కుళ్ళు వల్లే మనిషి ముసలివాడవుతాడని, బల్గేరియా పల్లెవాళ్ళు పుల్లటి పెరుగు తిని నిండు నూరేళ్ళు బతుకుతున్నారని రాశాడు. రోజూ పుల్లటి పాలు తాగాడు. 71వ ఏట పోయాడు. అయినా ఆయన వేసిన తోడు మాత్రం బాగా తోడుకుంది, నూరేళ్ళు దాటినా పులుస్తూనే ఉంది. 1995లో గిబ్సన్, రోబర్‌ఫ్రాయ్డ్ అనే ఇద్దరు ఇంకో అడుగు ముందుకేశారు. బ్యాక్టీరియాని బయటి నుంచి పంపడం ఒక పద్ధతి, లోపల ఉన్నవాటికి మేత వెయ్యడం ఇంకో పద్ధతి కదా అన్నారు. బయటి నుంచి పంపేవి ప్రోబయోటిక్‌లు, ఆ మేతకి పెట్టిన పేరు ప్రీబయోటిక్. రెండూ కలిపి ఇస్తే సిన్‌బయోటిక్. నా కప్పు ఈ మూడో జాతిది: పులిసిన పాలు, అందులో బ్యాక్టీరియా, దాని మేతగా ఇనులిన్. ఇనులిన్ అంటే చికోరీ వేరు నుంచి తీసే ఒక పీచు. మన ఫిల్టర్ కాఫీ పొడిలో కలిపే చికోరీయే. (కాఫీ ఎక్కువ తాగితే సరిపోతుంది కదా అని మా ఆయన అన్నారు. కాఫీ పొడిలోది బాగా వేయించిన వేరు, ఆ వేడికి ఇనులిన్ చాలా వరకు మారిపోతుంది. ఆయన ఆశ అక్కడే అడుగంటింది.)

ఇప్పుడు లెక్క. కప్పు మీద పెద్ద అక్షరాల్లో ఉన్నది కోట్లు. వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్నది గ్రాములు. ఏ పరీక్ష పేపర్లోనైనా పిల్లల్ని తికమక పెట్టడానికి పనికిరాని అంకెని పెద్దగా రాసి, పనికొచ్చే అంకెని ప్రశ్న చివర్లో దాస్తాం. ఇదీ అదే పద్ధతి.

కోట్లనే తీసుకుందాం. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ ప్రకారం యోగర్ట్ అనిపించుకోవాలంటే గ్రాముకి కనీసం కోటి తోడు బ్యాక్టీరియా బతికి ఉండాలి. అంటే ఏ విశేషమూ లేని వంద గ్రాముల మామూలు యోగర్ట్‌లోనే వంద కోట్లు. కోట్లంటే మనకి డబ్బు గుర్తొస్తుంది కాబట్టి కళ్ళు పెద్దవవుతాయి గానీ, బ్యాక్టీరియా లోకంలో కోటి అంటే చిల్లర. పైగా ఎన్ని ఉన్నాయన్నదాని కంటే ఏవి ఉన్నాయన్నది ముఖ్యం. ఒకే జాతిలో ఒక రకం పనిచేస్తే ఇంకో రకం చెయ్యకపోవచ్చు. రకం పేరు, దాని పక్కన నంబరు రాయకుండా 'మంచి బ్యాక్టీరియా' అని ఊరుకుంటే అది ఇంటిపేరు లేకుండా పెళ్ళి సంబంధం చెప్పినట్టు.

ఇక గ్రాములు. నా కప్పు వంద గ్రాములు, పీచు రెండు గ్రాములు. చికోరీ ఇనులిన్ వల్ల విరేచనం తరచుగా అవుతుందని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో ఒప్పుకుంది. కానీ ఎంత తింటే? రోజుకి 12 గ్రాములు. నాలుగో తరగతి లెక్క: రోజుకి ఆరు కప్పులు. ఆ కప్పు ధర మా అత్తగారి పెరుగుతో పోలిస్తే నాలుగైదు రెట్లు. ఆరు కప్పుల డబ్బుతో వారానికి సరిపడా పాలొస్తాయి. పైగా పండు రుచి వేసిన కప్పుల్లో చక్కెర ఉంది. ఆరు కప్పుల చక్కెర ఎవరు మొయ్యాలి?

అసలు అందులో ఇనులిన్ ఎందుకుందో తెలిశాక నాకు నవ్వొచ్చింది. వెన్న తీసేసిన పాలతో పెరుగు చేస్తే పల్చగా, నీళ్ళు కారుతూ ఉంటుంది. ఇనులిన్ కలిపితే నోటికి మీగడ తిన్నట్టు అనిపిస్తుంది. పాల పరిశ్రమలో ఇది ఎప్పటి నుంచో ఉన్న కిటుకు. మీగడ తీసి ఒకచోట అమ్ముకుని, దాని చోట పీచు వేసి, ఆ పీచు పేరు చెప్పి ఇంకోచోట ఎక్కువ ధరకి అమ్మడం! నా కప్పు చేసినవాళ్ళు ఇందుకే కలిపారని అనను. రెండు గ్రాములు నా పేగుకి కాకపోయినా నా నాలుకకి మాత్రం సరిపోయాయి.

ఇంతవరకూ చదివి 'అయితే 12 గ్రాములు తినేస్తే సరి' అని మీరు అనుకుంటే, సరిగ్గా నేనూ అక్కడే పప్పులో కాలేశాను.

ఆన్‌లైన్‌లో ఇనులిన్ పొడి తెప్పించాను. తెల్లగా, కాస్త తియ్యగా ఉంటుంది. మొదటి రోజే పది గ్రాములు, వంటింటి త్రాసు మీద తూచి మరీ, గిన్నెడు పెరుగులో కలిపి తిన్నాను. ఆ రోజు పేరెంట్స్ మీటింగ్. పదకొండింటికి మొదలైంది ఉబ్బరం. పన్నెండింటికి చీర కుచ్చిళ్ళు బిగుసుకుపోయాయి. ఒక తండ్రి వాళ్ళబ్బాయికి ఆల్జీబ్రాలో మార్కులెందుకు తగ్గాయని అడుగుతుంటే నా కడుపులో నుంచి తలుపు కిర్రుమన్నట్టు ఒక శబ్దం. ఆయన ఆగారు. నేనూ ఆగాను. 'కొంచెం ప్రాక్టీసు చేయించండి' అని ముగించి స్టాఫ్ రూమ్‌కి పరుగెత్తాను. సాయంత్రానికి కడుపు డోలు. మోషన్ మాత్రం అవ్వలేదు.

ఎందుకిలా అయిందన్నది 2017లో నాటింగ్‌హామ్‌లో చేసిన ఒక పరిశోధన చదివితే అర్థమైంది. ఐబీఎస్ ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ ఇనులిన్ కలిపిన పానీయం ఇచ్చి, ఎమ్మారై తీసి పెద్దపేగులో గాలి ఎంతుందో కొలిచారు. గాలి ఇద్దరిలోనూ పెరిగింది. బాధపడింది మాత్రం ఐబీఎస్ వాళ్ళే. అంటే మాకు గ్యాస్ ఎక్కువ పుట్టడం కాదు సంగతి, పుట్టిన గ్యాస్ మాకు ఎక్కువ తెలుస్తుంది. అదే పాట పక్కింట్లో మోగితే ఒకరికి నిద్ర పడుతుంది, ఒకరికి తలనొప్పి వస్తుంది. ఈ సంగతి తెలియక ఎన్నేళ్ళు 'నీదంతా టెన్షన్, మనసులో ఏం పెట్టుకోకు' అనిపించుకున్నానో! టెన్షన్‌కి సంబంధం లేదనను, పరీక్షల నెలలో నాకు బిగుసుకుంటుంది. కానీ పేగు నరాలు సున్నితంగా ఉండడం ఊహ కాదు.

ప్రీబయోటిక్‌ల మీద జరిగిన ప్రయోగాల్ని 2019లో లండన్ పరిశోధకులు ఒకచోట చేర్చి చూశారు. 11 ప్రయోగాలు, 729 మంది. మొత్తం మీద ఐబీఎస్ బాధలు తగ్గినట్టు తేలలేదు. రోజుకి ఆరు గ్రాములు, అంతకంటే తక్కువ తీసుకున్నప్పుడు గ్యాస్ బాధ తగ్గింది. ఇనులిన్ జాతి పీచుతో మాత్రం గ్యాస్ పెరిగింది. నా మీటింగ్ రోజు ఈ కాగితం చదివి ఉంటే ఆ తండ్రి ముందు పరువు దక్కేది.

ఇక్కడే ఉంది నా అసలు వాదన. మలబద్ధకానికి కావలసిన గ్రాములు ఒక వైపు, ఐబీఎస్ కడుపు తట్టుకునే గ్రాములు ఇంకో వైపు. మామూలు మలబద్ధకం ఉన్న మనిషి 12 గ్రాములు తిని రెండు రోజులు ఉబ్బరం ఓర్చుకుంటే బాగుపడవచ్చు. నాలాంటి మనిషి ఆ గట్టుకి చేరేలోపే మునిగిపోతుంది. ఈ సన్నని సందులో దారి ఉందా లేదా అని చెప్పాల్సిన కప్పు, గ్రాముల ఊసెత్తకుండా కోట్లు చూపిస్తోంది. నా కోపం పెరుగు మీద కాదు.

పెరుగుతో మంచి ఫలితాలు వచ్చిన ప్రయోగాలు లేకపోలేదు. 2012లో దక్షిణ కొరియాలో 130 మంది ఐబీఎస్ రోగులకి ఎనిమిది వారాల పాటు బిఫిడో బ్యాక్టీరియాతో పాటు అకేషియా పీచు కలిపిన పెరుగు ఇస్తే, మామూలు పెరుగు తిన్నవాళ్ళ కంటే కొంత మెరుగయ్యారు. అకేషియా పీచు అంటే ఏదో అనుకోకండి, మన తుమ్మ చెట్టు బంధువుల నుంచి వచ్చే బంక. అంతకు ముందు 2007లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన ప్రయోగంలో మలబద్ధకం రకం ఐబీఎస్ ఉన్న 274 మంది ఆరు వారాలు రోజుకి రెండు కప్పులు తిన్నారు. ఒక గుంపుకి బతికున్న బ్యాక్టీరియా, ఇంకో గుంపుకి వేడి చేసి చంపినది. కడుపులో అసౌకర్యం కొంత తగ్గింది. విరేచనాల సంఖ్య పెరిగింది మాత్రం వారానికి మూడుసార్లు కూడా వెళ్ళలేనివాళ్ళలోనే. దాన్ని నడిపింది పెరుగు అమ్మే కంపెనీ పరిశోధన విభాగమే. ఆ ఒక్క కారణంతో కొట్టిపారెయ్యను, కానీ మార్కులు వేసేటప్పుడు ఒకటికి రెండుసార్లు చూస్తాను. 2010లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ కంపెనీనే, అంటే డానన్‌ని, యాక్టీవియా అనే పెరుగు ప్రకటనల విషయంలో కట్టడి చేసింది. ఒక్క కప్పుతో మోషన్ ఫ్రీ అవుతుందని చెప్పొద్దు, రోజుకి మూడు తినాలన్న సంగతి ప్రకటనలో చెప్పాలి అని. చూశారా, అక్కడా గొడవ మోతాదు దగ్గరే.

వైద్య సంఘాలకీ ఏకాభిప్రాయం లేదు. 2021లోనే అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం ఐబీఎస్‌కి ప్రోబయోటిక్‌లు వద్దని సూచించింది, ఆధారాలు మరీ బలహీనంగా ఉన్నాయని ఒప్పుకుంటూనే. అదే ఏడాది బ్రిటన్ సంఘం, కావాలంటే 12 వారాల వరకు వాడి చూడండి, ఫలితం లేకపోతే మానెయ్యండి అంది. నాకు రెండో మాట నచ్చింది. 'మానెయ్యండి' అన్నది ఏ కప్పు మీదా రాసి ఉండదు కాబట్టి.

రెండు సంఘాలూ ఒప్పుకున్నది ఒకటుంది. నీళ్ళలో కరిగే పీచు. మన దేశంలో అది ప్రతి మందుల షాపులో, కిరాణా కొట్లో దొరుకుతుంది: ఇసబ్‌గోల్ పొట్టు. గుజరాత్‌లో పండుతుంది, సిద్ధపూర్ ఊరు ఆ వ్యాపారానికి పేరు. మా నాన్నగారి అలమరలో ఎప్పుడూ ఆకుపచ్చ డబ్బా ఒకటి ఉండేది. ముసలివాళ్ళ వ్యవహారమని నేను దాన్ని ముట్టుకోలేదు. 2009లో నెదర్లాండ్స్‌లో 275 మంది ఐబీఎస్ రోగుల్ని మూడు గుంపులు చేశారు. ఒకరికి రోజుకి పది గ్రాముల ఇసబ్‌గోల్, ఒకరికి గోధుమ తవుడు, ఒకరికి ఉత్తుత్తి మందు. నెల తిరిగేసరికి ఇసబ్‌గోల్ వాళ్ళలో 57 శాతం మందికి గుణం కనిపించింది, ఉత్తుత్తి మందు వాళ్ళలో 35 శాతం మందికి. తవుడు తిన్నవాళ్ళలో చాలామంది బాధ ఎక్కువై మధ్యలోనే మానేశారు. పీచు తినండి, పీచు తినండి అని అందరికీ ఒకే మాట చెప్పేవాళ్ళు ఈ తవుడు సంగతి తెలుసుకోవాలి.

ఇంతకీ ఆ ఉత్తుత్తి మందు ఏమిటో తెలుసా? బియ్యప్పిండి. మనం వడియాలు పెట్టుకునే బియ్యప్పిండి తిని వందలో ముప్ఫై అయిదు మంది బాగుందన్నారు! ఐబీఎస్‌లో ఇది మామూలే. 2010లో హార్వర్డ్‌వాళ్ళు ఇంకా తమాషా పని చేశారు. 80 మందిలో సగం మందికి 'ఇందులో మందు లేదు' అని చెప్పి మరీ మాత్రలిచ్చారు. ఏ మాత్రా ఇవ్వనివాళ్ళ కంటే వాళ్ళకి బాగా తగ్గింది. కాబట్టి మీ పిన్నిగారు 'ఫలానా కప్పు తిన్నాను, వారంలో కడుపు సాఫీ అయింది' అంటే ఆవిడ అబద్ధం చెప్పడం లేదు. ఆవిడ అనుభవం నిజం. కప్పు వల్లే అన్నది మాత్రం ఇంకా రుజువు కాలేదు. నా అనుభవానికీ ఇదే షరతు వర్తిస్తుంది, కింద చదివేటప్పుడు గుర్తుంచుకోండి.

ఇక కింది అర సంగతి. మా అత్తగారిది శ్రీకాకుళం వైపు పల్లె. నా కప్పుల్ని చూసి మొదటి రోజే 'ఏటి తల్లీ, పెరుగులో పీచేటి? పీచు అరిటికాయలో ఉంతాది' అన్నారు. తోడు విషయంలో ఆవిడకి పట్టింపులున్నాయి. పాలు గోరువెచ్చగా ఉన్నాయో లేదో చిటికెన వేలు పెట్టి చూస్తారు. ఎండాకాలంలో తోడు తగ్గిస్తారు, లేకపోతే విశాఖ ఉక్కకి తెల్లారేసరికి పులిసి ఊరుకుంటుంది. ఆ తోడు ఏ రకం బ్యాక్టీరియానో ఆవిడకీ తెలీదు, నాకూ తెలీదు. అందుకే ఇంటి పెరుగుని ప్రోబయోటిక్ అనకూడదు. ఆ పేరుకి రకం తెలియాలి, మేలు రుజువవ్వాలి. ఇంటి పెరుగు మంచి తిండి. పాలకంటే తేలిగ్గా అరుగుతుంది. అంతవరకే నేను ఒప్పుకుంటాను. 'పెరుగన్నం తింటే ఏ రోగమూ రాదు' అనే మాట నలభై ఆరేళ్ళుగా రోజుకి రెండు పూటలా పెరుగన్నం తిన్న నా ముందు నిలవదు.

అయినా ఆవిడ దగ్గర ఒక బాణం ఉంది: చోడి అంబలి, అంటే రాగి అంబలి. రాత్రి చోడిపిండి నీళ్ళలో కలిపి పులవబెట్టి, పొద్దున్న కాచి, చల్లార్చి, మజ్జిగ పోసి, ఉప్పు వేసి, పచ్చి ఉల్లిపాయ ముక్కలు చల్లుతారు. ఆగి చూస్తే ఇది అచ్చంగా నా కప్పే. పులిసిన పాలు, అందులో పీచు, పైన ఉల్లిపాయ. ఉల్లిపాయలో ఉండేది ఇనులిన్‌కి తోబుట్టువే, ఫ్రక్టాన్ అంటారు. ఎక్కడో ల్యాబుల్లో కనిపెట్టి 1995లో పేరు పెట్టిన వస్తువు మా అత్తగారి ఊళ్ళో పొలం గట్టు మీద తాగేవారు. మీలో కొందరికి ఈ పాటికి ఛాతీ ఉప్పొంగి ఉంటుంది. ఆగండి, దీనికీ లెక్క ఉంది.

హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికల ప్రకారం వంద గ్రాముల చోళ్ళలో పీచు 11 గ్రాముల పైచిలుకు, పాలిష్ బియ్యంలో మూడు గ్రాములు కూడా లేదు. బాగానే ఉంది. కానీ గ్లాసు అంబలికి పట్టే పిండి ఎంత? నేను తూచాను, ఇరవై గ్రాములు. అంటే పీచు రెండు గ్రాముల చిల్లర. సరిగ్గా నా కప్పు అంత! ధరలో అంబలిది ఏకపక్ష విజయం, గ్రాముల్లో మాత్రం డ్రా. పైగా చోళ్ళ పీచులో ఎక్కువ భాగం నీళ్ళలో కరగనిది, తవుడు జాతిది. పొలంలో వంగి నాట్లు వేసిన మనిషి మూడు చెంబుల అంబలి తాగింది, దొడ్డికి గొంతుక్కూర్చుంది. నేను గ్లాసుడు తాగి, బస్సులో కూర్చుని, కుర్చీలో కూర్చుని, ఇంటికొచ్చి కమోడ్ మీద కూర్చుంటాను. ఆవిడ కడుపు సాఫీగా ఉండడంలో అంబలి వాటా ఎంతో ఎవరు విడదీసి చెప్తారు? (కమోడ్ ముందు కాళ్ళ కింద పీట వేసుకోమన్నారు డాక్టరు గారు. ఆరేళ్ళలో నేను పెట్టిన ఖర్చులన్నిటిలోకీ ఆ పీటే చవక, ఆ పీటే నయం.)

ఉల్లిపాయతో ఇంకో చిక్కు. ఆస్ట్రేలియాలో మొనాష్ విశ్వవిద్యాలయంవాళ్ళు ఐబీఎస్ కోసం తయారుచేసిన ఫాడ్‌మ్యాప్ అనే తిండి పద్ధతిలో మొదట ఆపేసేవాటిలో ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి, ఆ ఫ్రక్టాన్ల వల్లే. ఒకరు మేత వెయ్యమంటారు, ఒకరు మేత ఆపమంటారు. ఇద్దరూ పేరున్న శాస్త్రవేత్తలే, ఇద్దరి దగ్గరా కాగితాలున్నాయి. నాకు ఈ గొడవ చాలా రోజులు తెగలేదు. మేత వల్ల బ్యాక్టీరియాకి మంచి, గాలి వల్ల నాకు చెడు, రెండూ ఒకేసారి నిజం కావచ్చని అర్థమవడానికి ఇనులిన్ డబ్బా సగం అయింది.

ఇప్పుడు నేనేం చేస్తున్నానో చెప్తాను. ఇది నా కడుపు, మీ కడుపు వేరు. పాత లెక్కల నోట్‌బుక్ ఒకటి తీసుకుని గళ్ళు గీశాను: తేదీ, బ్రిస్టల్ నంబరు, నొప్పి పదికి ఎంత, ఉబ్బరం పదికి ఎంత. ఒకసారికి ఒక్క మార్పు, నాలుగు వారాలు ఇంకేదీ కదపకూడదు. మొదట ఇనులిన్ మానేశాను. తర్వాత ఇసబ్‌గోల్ మూడు గ్రాములతో మొదలుపెట్టాను, పల్చటి మజ్జిగలో, వెంటనే ఒక పెద్ద గ్లాసు నీళ్ళతో. నీళ్ళు తగ్గితే అది బంకలా మారి ఉన్న కష్టాన్ని పెంచుతుంది. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు రెండింటికీ మధ్య ఎంత ఎడం ఉండాలో డాక్టర్ని అడగండి. పది రోజులకోసారి కొంచెం పెంచుతూ ఏడు గ్రాముల దగ్గర ఆగాను. మూడో వారంలో నోట్‌బుక్‌లో మొదటిసారి 'మూడు' పడింది. పిల్లలకి వందకి వంద వచ్చినప్పుడు కూడా నేనంత సంబరపడలేదు.

ఆ తర్వాత కప్పుకి న్యాయం చెయ్యాలి కదా అని దానికీ నాలుగు వారాలు ఇచ్చాను, రోజుకి ఒకటి, ఇసబ్‌గోల్‌కి తోడుగా. ఏ గడీ మారలేదు. అదే చోట అత్తగారి పెరుగు నాలుగు వారాలు. అదీ ఏ గడీ మార్చలేదు. ఇద్దరిలో ఎవరు గెలిచారని మా ఆయన అడిగితే 'మజ్జిగలో పొట్టు' అన్నాను. అత్తగారు మాత్రం మజ్జిగ తనదే కాబట్టి గెలుపూ తనదే అని తేల్చేశారు. ఆవిడతో వాదించను.

అంబలి మానలేదు. 2022లో అదే నాటింగ్‌హామ్ నుంచి ఇంకో కాగితం వచ్చింది. ఇనులిన్‌తో పాటు ఇసబ్‌గోల్ కలిపి ఇస్తే ఐబీఎస్ రోగుల పెద్దపేగులో గ్యాస్ తగ్గిందని ఎమ్మారైలో తేలింది. ఇసబ్‌గోల్ జిగురు మేతని చుట్టుకుని బ్యాక్టీరియాకి ఒక్కసారే అందనివ్వదేమో. 19 మందితో చేసిన చిన్న ప్రయోగం, దీన్ని పట్టుకుని ఎగరకూడదు. కానీ ఆ ధైర్యంతో ఆదివారాలు అప్పూఘర్ వైపు నడిచి, అంబలి బండి దగ్గర ఆగుతున్నాను. ఉల్లిపాయ ముక్కలకి బదులు ఉల్లికాడల ఆకుపచ్చ కొసలు ఇంటి నుంచి సన్నగా తరిగి చిన్న డబ్బాలో తీసుకెళ్తాను. ఆ ఆకుపచ్చ భాగంలో ఫ్రక్టాన్లు తక్కువ.

మొన్న బండి అబ్బాయికి ముందే చెప్పాను, నా గ్లాసులో ఉల్లిపాయ వద్దని. గరిటె గాల్లో ఆపి చూశాడు.

'ఉల్లిపాయ నేకపోతే అంబలేటమ్మా?'

నేను డబ్బా మూత తీసి కాడలు చల్లుకున్నాను. అతను వంగి చూసి, 'ఇదేదో బాగుంది గానీ, రేపు ఇంకొంచెం ఎక్కువ తెండి, నాకూ ఎయ్యొచ్చు' అన్నాడు.